ఒళ్లు దులపని కోడి

1996, ఏప్రిల్ 16

కోడిపిల్లలు వచ్చాయి. విరూర్ స్టేషన్‌లో పాసింజర్ ఆగీ ఆగకముందే అట్టపెట్టెల్లోంచి ఒకటే కిచకిచ. ఈయనకు ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదట, ఎప్పుడు దొరికింది గనక. నేనూ అత్తా ఎడ్లబండిలో తెచ్చుకున్నాం. షెడ్డులో బల్బు కింద వదిలాను.

మా రజిత ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని "దీని అమ్మ ఏదమ్మా?" అంది. అమ్మ లేదే, మిషన్‌లో పొదిగారు అన్నాను.

"తల్లి లేని పిల్లలను ఇంట్లకు తెస్తివి" అంది అత్త. ఈమె నోటికో దండం.

ఏప్రిల్ 25

రాత్రీ పగలూ మేత మేస్తూనే ఉన్నాయి. చీకటంటే ఏమిటో తెలీదు వీటికి. ఇవాళ సాయంత్రం కరెంటు పోయింది. గోల చేస్తాయనుకున్నాను... చెయ్యలేదు. లాంతరు తీసుకుపోయి చూస్తే అన్నీ మా ఇంటి గుమ్మం వైపే తిరిగి నిలబడి ఉన్నాయి.

మే 3

పెరట్లో నాటుకోళ్లకు కొక్కెర రోగం తగిలింది. మెడలు వంకర తిరిగి పడిపోతున్నాయి. మావే కాదు, ఊరందరివీ. షెడ్డులో తెల్లవాటికి ఏమీ కాలేదు. వాటికి టీకా వేశాం కదా అంటే వినేదెవరు? పక్కింటామె మొహం మీదే అనేసింది: "నీ కంపెనీ కోళ్లే తెచ్చినయ్ రోగం."

మే 5

ఎర్రపుంజు కూడా పోయింది.

అది పోచమ్మ పుంజు. పోయినేడు రజితకు ఫిట్స్ వచ్చి కళ్లు తేలేస్తే, చంద్రపూర్ దవాఖానకు జీపులో తీసుకుపోతూ అత్త మొక్కింది — పిల్ల బతికితే పుంజునిస్తానని. పిల్ల బతికింది. పుంజును ఇవ్వడమే జరగలేదు. పత్తి ఏరుడు అని ఓసారి, ఈయన ఊళ్లో లేడని ఓసారి...

"అమ్మది అమ్మకియ్యకపోతే ఊకుంటదా?" పొద్దుట్నుంచీ ఇదే పాట. నేను ఇలాంటివి నమ్మను. ఆసిఫాబాద్‌లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. అయినా పడుకునే ముందు రజిత నుదురు ముట్టి చూశాను.

మే 17

నాటుపుంజు ఎక్కడా లేదు. తెల్లదాన్నే ఇద్దాం అన్నాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. సాయంత్రం తనే — "ఏం జేస్తం మరి. పెద్దది చూడు."

మే 21

పోచమ్మ దగ్గరికి పోయొచ్చాం. పొద్దున్నే, షెడ్డులో అన్నిటికన్నా పెద్దదానికి పసుపు కుంకుమ పెట్టి. అత్త చెంబుతో దాని తల మీద, వీపు మీద నీళ్లు చల్లింది. ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి పెట్టాలి. దులపకపోతే ముట్టకూడదు.

దులపలేదు.

నాటుకోడి అయితే ఒక్క చుక్క చాలు, ఈకలన్నీ లేపి విదిలించేస్తుంది. ఇది ముక్కు మీంచి నీళ్లు కారుతుంటే అలాగే నిలబడింది. మళ్లీ చల్లింది. బతిమాలింది. "తీస్కో తల్లీ. తప్పయింది. తీస్కో." ఎండ నెత్తి మీదికొచ్చింది, చెంబు ఖాళీ అయింది. కోడి కూలబడి రజితనే చూస్తోంది.

ఇంటికి తెచ్చేశాం.

మే 22

షెడ్డులోకి పోయి నేనే చూశాను, ఎవరికీ చెప్పకుండా. ఎండకు ఎలాగూ నీళ్లు చల్లాలి కదా... ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అన్నిటి మీదా చల్లాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దులపలేదు. తడిసి ముద్దై నన్ను చూస్తున్నాయి.

బయటికొచ్చి గొళ్లెం పెట్టాను. పగటిపూట ఎప్పుడూ పెట్టను.

మే 27

పసుపు పెట్టినదాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు. పెరట్లో వదిలేశాం. నాలుగడుగులు వేసి కూలబడుతుంది, దాని ఒంటిని దాని కాళ్లే మొయ్యవు. అయినా రజిత ఎక్కడ కూర్చుంటే అక్కడికి చేరుతుంది. తరిమినా అంతే.

ఈయన వచ్చి చూసి నవ్వాడు. "తల్లి లేదు గదనే, మన పిల్లనే తల్లనుకుంటుంది." నవ్వేసి డ్యూటీకి పోయాడు. ఆయనకేం, సిమెంటు బస్తాలు ఎవర్నీ చూడవు.

మే 31

రజితకు జ్వరం.

జూన్ 1

ఒళ్లంతా పొక్కులు. "అమ్మవారు పోసింది" అని అత్త చేతులు జోడించింది. నావైపు చూడలేదు, చూసినా బాగుండేది. గుమ్మానికి వేపమండలు కట్టాం. పోపు వెయ్యకూడదు. నీసు ఇంట్లోకి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కోత కూడదు.

పెరట్లో చూస్తే షెడ్డు నిండా కోతకొచ్చిన కోళ్లు.

రాజురా డాక్టరు చూసి ఆటలమ్మే, భయం లేదు, గోళ్లు కత్తిరించండి అన్నాడు. కత్తిరించాను. భయం మాత్రం అలాగే ఉంది.

జూన్ 5

వడగాలి. షెడ్డు మీద తడి గోనెలు కప్పినా లాభం లేదు, నోళ్లు తెరిచి రొప్పుతూ చస్తున్నాయి. పొద్దున్నే బుట్టకెత్తి పాతిపెడుతున్నాను. ఇలాగే వదిలేస్తే ఒక్కటీ మిగలదు.

మిర్గం వస్తోంది, మృగశిర కార్తె. ఆ రోజు ఈ వైపు ఇంటింటా కోడికూర ఉడకాల్సిందే. నాటువి లేవు కాబట్టి అందరి కళ్లూ మా షెడ్డు మీదే. పక్కింటామె కూడా వచ్చింది. "అమ్మవారు పోసిన ఇంట్ల కోస్తవా?" అని బుగ్గ నొక్కుకుంది. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి "కోస్తే మాకొకటి ఉంచు" అంది. ఎంత మంచి మనసో!

జూన్ 7

కోశాను.

షెడ్డు వెనక తడకలు కట్టి. గరాటులో తలకిందులుగా దించడం, గొంతు కొయ్యడం, నెత్తురు కారాక వేడినీళ్లలో ముంచడం, ఈకలు పీకడం. పొట్ట చీరి పేగులు తియ్యడం, కందనకాయ కోసి కడగడం. చేతులకు అలవాటైన పనే. కత్తి పెడితే ఏ కోడైనా కొట్టుకుంటుంది. ఇవి కొట్టుకోలేదు.

కోసినప్పుడల్లా లోపల రజిత మూలిగింది. జ్వరం పిల్ల మూలగదా? మూలుగుతుంది. నేను ఆగినప్పుడు మాత్రం ఆగింది.

జూన్ 8

మిర్గం. ఊరంతా మసాలా వాసన. మా ఇంట్లో చప్పిడి పప్పు. వాన జాడ లేదు.

జూన్ 12

జ్వరం పోయింది! పొక్కులు ఎండిపోయాయి. అత్త స్నానం పోయమంది. వేపాకు, పసుపు వేసిన నీళ్లు ఎండలో పెట్టాను, గోరువెచ్చగా అయ్యేదాకా. పెరట్లో రాయి మీద కూర్చోబెట్టాను. నా బంగారం, వీపున ఎముకలు తేలాయి. తెల్లకోడి వచ్చి రాయి పక్కనే కూలబడింది. చెంబెడు నీళ్లు తల మీద పోశాను.

పిల్ల ఒళ్లు దులిపింది.

తల, భుజాలు, వీపు... ఒకే విదిలింపు. నీళ్లు నా మొహాన పడ్డాయి. చలికి, అంతే. ఈ ఎండలో చలి ఏమిటి?

వెనక అత్త నిలబడి ఉంది. ఎప్పటినుంచో తెలీదు. "ఇంకో చెంబు పొయ్యకే" అంది. అంత మెల్లగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

జూన్ 15

తడిగుడ్డతో తుడుస్తున్నాను. తల మీద చుక్క పడనివ్వడం లేదు.

"నీళ్లెందుకు పోస్తలేవమ్మా?"

"పుండ్లు మానాలె బిడ్డా."

అత్త పుంజు కోసం ఊరూరా తిరుగుతోంది. నిన్న రైలెక్కి సిర్పూర్ దాకా పోయి ఉత్త చేతులతో వచ్చింది. కొక్కెర అన్ని ఊళ్లనూ ఊడ్చేసిందట. ఇక మిగిలింది ఆ తెల్లదే, అది దులిపితేనే. రోజూ పొద్దున దాని మీద నీళ్లు చల్లుతోంది. అది దులపదు.

నాకు భయంగా ఉంది. నమ్మనని రాసిన చెయ్యి ఇదే.

జూన్ 19

వాన. మధ్యాహ్నం ఒక్కసారిగా మబ్బు కమ్మి పెద్ద పెద్ద చినుకులు. నేను ఆరేసిన గోనెలు తీస్తున్నాను. తిరిగి చూస్తే రజిత పెరటి మధ్యలో ఉంది, రెండు చేతులూ చాచి, మొహం పైకెత్తి. పక్కన తెల్లకోడి. ఇద్దరి మీంచీ నీళ్లు ధారగా కారుతున్నాయి.

అరిచాను. వినలేదు. గోనెలు పారేసి పరుగెత్తాను, సగం దూరంలో ఆగిపోయాను. దులపకు బిడ్డా, దులపకు... కళ్లు మూసుకున్నాను. సిగ్గులేని తల్లిని, చూడలేక మూసుకున్నాను.

చప్పుడు వినిపించింది. ఒళ్లు దులిపిన చప్పుడు. కళ్లు తెరిచేసరికి ఇద్దరూ కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఎవరు దులిపిన్రే? కోడా, నువ్వా?"

నవ్వింది. "నువ్వు జూడలేదా అమ్మా?"

అత్త అరుగు దిగి వచ్చింది, చేతిలో కత్తి. "ఏది దులిపింది?"

"కోడే."

"పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

రజిత తల తడిగా, చల్లగా ఉంది. చెయ్యి పెట్టాను. "కోడే, అత్తా" అన్నాను.

వానలోనే అత్త కోడిని చంకన పెట్టుకుని పోచమ్మ దగ్గరికి పోయింది. చీకటి పడకముందే తిరిగొచ్చింది, చేతులు కడుక్కుంది. "అమ్మ తీసుకుంది" అంది. మొహం తేలికపడింది. ఎన్నాళ్లకో నన్ను తినమంది. తిన్నాను. నెత్తి మీద పెట్టిన చెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

జూన్ 20

వాన ఆగలేదు. జ్వరం లేదు. గంటకోసారి నుదురు ముట్టి చూస్తున్నాను, లేదు.

ఇందాక మళ్లీ తడిసి వచ్చింది. తువ్వాలు తీసుకుని తల తుడవబోయాను. వెనక్కి జరిగింది.

"వద్దమ్మా. నేనే దులుపుకుంట."