నూనెగిన్నె దౌత్యం

సోంపేట.
చిరంజీవి ప్రమోదినికి మేనమామ గణపతిరావు ఆశీస్సులు.

కలహిస్తున్న రెండు దేశాల మధ్య సంధి కుదిర్చే బృందంలో మన విదేశాంగ శాఖ నిన్ను నియమించిన శుభసందర్భమిది. పోరు నష్టం, పొందు లాభమన్నారు పెద్దలు. శ్రీకృష్ణుడంతటివాడే రాయబారానికి వెళ్లాడు, కుదరలేదనుకో. అయినా తల్లీ, పరుల తగవులో తల దూర్చితే మన దేశానికి ఒరిగేదేమిటి?

ఇట్లు,
గణపతిరావు

తా.క.: ఈ ఉత్తరం సంగతి మీ నాన్నతో అనకు. గట్టు మీది పనసచెట్టు ఎవరిదన్న తగవుతో మా మాటలు ఆగి ఎనిమిదేళ్లు. మా అక్క, అదే మీ అమ్మ, చేతి వంట తినీ అన్నేళ్లే.

ఢిల్లీ.
పూజ్యులైన మావయ్యకు నమస్కారాలు.

ఒరిగేది ఉంది. తగవుదారులిద్దరూ మన గడప తొక్కుతారు. రేపు మనకు పనిబడితే ఇద్దరూ కాదనలేరు. కాని ఒకే గదిలో కూర్చోవడానికే ససేమిరా అంటున్నారు. మన ఉద్దానంలో అయితే ఏం చేస్తారు?

మీ ప్రమోదిని

తా.క.: నాన్నకూ ఇదే ప్రశ్న రాశాను.

సోంపేట.
చిరంజీవి ప్రమోదినికి ఆశీస్సులు.

ఇద్దరి చేతా నూనె రాసుకోకుండా ఒకే పనసకాయ కోయించాలి. జిగురు చేతులతో ఎవరూ లేచి వెళ్లలేరు. నూనెగిన్నె మధ్యవర్తి దగ్గర ఉంటుంది. మాట కలిస్తేనే నూనె. పలాసలో రైలెక్కించి రెండు కాయలు పంపుతున్నాను. రాయబారులెందరో తెలిపితే మరికొన్ని.

గణపతిరావు

తా.క.: కోటు చేతులు పైకి మడుచుకొమ్మను.

ఢిల్లీ.
మావయ్యకు నమస్కారాలు.

కాయలు పంపకండి! భద్రతా సిబ్బంది రానివ్వరు. మా పై అధికారి ముందుగా ఆ విధానం ఫోటోలో చూడాలన్నారు. ఆదివారం గట్టు మీది చెట్టు కాయను మా వాకిట్లో కోయండి. అమ్మ నూనె సిద్ధం చేస్తుంది.

మీ ప్రమోదిని

తా.క.: నాన్న ఆ రోజు టెక్కలి వెళ్తారు.

సోంపేట.
చిరంజీవి ప్రమోదినికి ఆశీస్సులు.

టెక్కలి వెళ్లవలసిన మీ నాన్న సన్యాసయ్య వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు! నేను నౌపడ వెళ్తానని, కాయ తానే కోయాలని ఆయనకు రాశావట. నా చెట్టు కాయ నేనే కోస్తానని ఇద్దరం చెరో సగం కోశాం. నాలుగు చేతులకూ జిగురే. అక్క తవిటమ్మ నూనెగిన్నె ఒళ్లో పెట్టుకుంది.

“ఏటలా సూత్తన్నావు గణపతీ? బావా అని పిలు, నూనె పోత్తాను.”

“ముందు ఆయన్ను పిలవమను.”

“పండితుడు ఆడు. నా కాడ మాటలేటున్నాయే?” అన్నాడు మీ నాన్న.

నాకు నవ్వు ఆగలేదు. “బావా, నూనె అడుగు” అన్నాను.

అక్క నూనె పోసి, “ఆ సెట్టు ఇక నాది” అంది. ఇద్దరమూ కాదనలేకపోయాం. మధ్యవర్తికి ఒరిగేదేమిటో అప్పుడు బోధపడింది. ఎనిమిదేళ్లకు అక్క చేతి పనసపొట్టు కూర తిన్నాను. తల్లీ, నా కృతజ్ఞతకు మాటలు చాలవు.

గణపతిరావు

తా.క.: ఫోటో తీయడం మరిచాం. నీ పై అధికారి అసలు అడగనే లేదని అక్క చెప్పింది. నీ తరువాత వచ్చే బిడ్డల చేతులకు జిగురంటినా మనసులకు అంటకుండుగాక. అంటిన నాడు, నూనెగిన్నె పట్టిన చేయి ఒకటి దగ్గరలో ఉండుగాక!