రెండు ఎర్ర సున్నాలు

మార్చి 9, బుధవారం

ఈ పుస్తకం వేరు, గురుకులం వాళ్ళిచ్చిన నీలం అట్ట పుస్తకం వేరు. అందులో ఏ గంటకు ఏం చేశానో, ఆ రోజు చేసిన తప్పేమిటో రాసి ఆదివారం దువాన్ గురువుగారికి అప్పగించాలి. సోమవారం ఎర్ర సిరాతో తిరిగొస్తుంది. పూర్వం కన్ఫ్యూషియస్ మార్గం పండితులు ఇలాగే ఒకరి తప్పులు ఒకరికి చూపించి దిద్దుకునేవారట. ఈ పుస్తకాన్ని మాత్రం పరుపు కుట్టు విప్పి లోపల దూర్చాను.

నా చిక్కేమిటంటే, తప్పులు అయిపోయాయి. వచ్చి నలభై రోజులు. ఎన్నని చేస్తాం? బద్ధకం రాశాను. అసూయ రాశాను. గంజిలో రెండోసారి పంచదార వేసుకున్నానని కూడా రాశాను.

ఇవాళ ఒకటి దొరికింది. మధ్యాహ్నం జువో లాన్, నేను పెరట్లో దుప్పట్లు ఉతికాం. లిన్‌యీలో టీచరు ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. గురువుగారికి శిష్యురాలు కావాలన్న కోరిక నాకంటే తనకే ఎక్కువ. తడి దుప్పటికి చెరో కొసా పట్టుకుని పిండుతుంటే చెప్పింది, గురువుగారి అమ్మ జినాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉందని, ఈయన మూడేళ్ళుగా ఆ గడప తొక్కలేదని. లాన్ వాళ్ళ పిన్ని అక్కడ ఆయా. మాతృభక్తి మీద ఈ చలికాలంలోనే పదకొండు ఉపన్యాసాలిచ్చాడు ఈయన. నాకు నవ్వాగలేదు. లాన్ నవ్వలేదు.

నీలం పుస్తకంలో రాశాను: పెద్దవారి మీద ఒక నింద విని ఖండించలేదు, పైగా నవ్వాను. ఎవరన్నారో, ఎవరినన్నారో రాయలేదు. అంత తెలివితక్కువదాన్ని కాదు.

మార్చి 11, శుక్రవారం

పాఠం. తండ్రి గొర్రెను దొంగిలిస్తే కొడుకు పట్టివ్వాలా, దాచాలా? రెండున్నర వేల ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. మా యూనివర్సిటీలో దీని మీద ప్రొఫెసర్లు రెండు జట్లుగా చీలి ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, సగం వాదన జర్మన్ మాటల్లో. నా థీసిస్‌లోనే అరవై పేజీలు. అక్కడ కన్ఫ్యూషియస్ ఫుట్‌నోట్‌లో ఉంటాడు. ఇక్కడ మనతో పాటు భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాడని విని వచ్చాను.

గురువుగారు దాచిన కొడుకు పక్షమే తీసుకున్నారు. బాగా చెప్పారు, కాదనను. కానీ ఆయన కళ్ళు మూసుకుని మాట్లాడతారు. అలా మాట్లాడేవాళ్ళను నేను నమ్మలేను.

మార్చి 14, సోమవారం

గురువుగారికి నచ్చిన వాక్యం పక్కన ఎర్ర సున్నా చుడతారు. మరీ నచ్చితే రెండు. బుధవారం వాక్యానికి రెండు వచ్చాయి. నాకిదే మొదటిసారి. సిగ్గులేకుండా అందరికీ చూపించాను. లాన్ కూడా చూసి, చేతిరాత బాగుందే అంది.

మార్చి 16, బుధవారం

లాన్‌ని వెళ్ళిపొమ్మన్నారు.

ఆమె దారి వేరే చోట ఉందని గురువుగారు సెలవిచ్చారట. అంతే. పెట్టె సర్దుకోవడానికి గంట.

గురువుగారి గదిలో ఏం జరిగిందో లాన్ చెప్పింది. నా గురించి ఏమనుకుంటున్నావమ్మా, దాచకుండా చెప్పు అన్నారట. దానికి అబద్ధం చేతకాదు. మీరు మీ అమ్మగారిని చూడ్డానికి వెళ్ళరట కదా అని మొహం మీదే అడిగేసింది. ఆయన కళ్ళు మూసుకున్నారట.

గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "ఎవరికైనా చెప్పావుటే?"

మా అమ్మ మీద ఒట్టు అన్నాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

మార్చి 17, గురువారం

అయితే ఎవరు? పెరటి గోడ అవతల పాంగ్ అన్న ఉండే గది. గురువుగారి పెద్ద శిష్యుడు. అడుగుల చప్పుడు ఉండదు. నీలం పుస్తకాలు మోసుకెళ్ళేది, తెచ్చేది అతనే. ఆ రోజు కిటికీ తెరిచి ఉందా? ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

మార్చి 20, ఆదివారం

నాయనమ్మ ఫోన్. నీలం పుస్తకం సంగతి నోరుజారి చెప్పాను.  దులిపేసింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో మీ తాత చేతా రాయించారు అలాంటి పుస్తకం, అప్పుడు కన్ఫ్యూషియస్‌ని తిట్టమన్నారు, ఇప్పుడు మొక్కమంటున్నారు, పుస్తకం మాత్రం అదే కదటే, చదువుకున్నదానివి ఆ మాత్రం తెలియదా అంది. అలాంటి పుస్తకాలు రాసినవాణ్ణి ముంచవట, పక్కింటివాణ్ణి ముంచుతాయట.

చాదస్తం అనుకున్నాను. నీలం పుస్తకంలో ఆ ఫోన్ సంగతి రాయలేదు.

మార్చి 22, మంగళవారం

పాంగ్ అన్నకు వల వేశాను. మంచం కింద పది ప్యాకెట్ల నూడుల్స్ దాచుకున్నానని గుసగుసగా చెప్పాను. ఇక్కడ బయటి తిండి నిషేధం. వచ్చే సోమవారం ఎర్ర సిరాలో తిండియావ అన్న మాట కనబడితే దొంగ దొరికినట్టే.

మార్చి 28, సోమవారం

ఎర్ర సిరాలో ఏమీ లేదు. పాంగ్ అన్న మాత్రం సాయంత్రం తలుపు తట్టాడు, చేతిలో ఆవకూర ఊరగాయ ప్యాకెట్. ఒట్టి నూడుల్స్ ఏం బాగుంటాయి చెల్లీ, చెరిసగం చేసుకుందాం అన్నాడు. లేవని చెబితే మొహం చిన్నబోయింది. పాపం, ఊరగాయ ఇచ్చేసి వెళ్ళాడు.

ఇతను కాదు.

మరి ఎవరు? వంటామె? పిల్లల క్లాసు టీచరు? అన్నం తింటూ అందరి మొహాలూ చూస్తున్నాను. అందరూ నా మొహం చూస్తున్నారు.

ఏప్రిల్ 4, సోమవారం

చింగ్‌మింగ్. సమాధులు శుభ్రం చేసే రోజు. వానలో కొండ మీదికి వెళ్ళాం. గురువుగారు వాళ్ళ తాతల సమాధుల ముందు బురదలో మోకరిల్లి ఏడ్చారు. దొంగ ఏడుపేమోనని పక్క నుంచి పరీక్షగా చూశాను. నిజం ఏడుపే. అదే అర్థం కావడం లేదు. జినాన్ ఇక్కడికి రెండు గంటల దారి.

ఏప్రిల్ 5, మంగళవారం

నన్ను శిష్యురాలిగా తీసుకుంటారట. ఆదివారం ఉదయం తొమ్మిదికి. ఉండటానికి గది, పిల్లలకు పాఠం చెప్పే పని, వచ్చే ఏడాది గురువుగారితో కలిసి పుస్తకం. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చింది. శిష్యులయ్యేవాళ్ళు పది బద్దల ఎండుమాంసం కట్ట కట్టి గురువు చేతిలో పెట్టాలి. అమ్మ కొరియర్‌లో పంపుతానంది.

సంతోషంగానే ఉంది. రాయకపోతే అబద్ధం అవుతుంది.

ఏప్రిల్ 7, గురువారం

ఆదివారం సభలో నా పుస్తకంలోంచి మంచి వాక్యం ఒకటి పైకి చదవాలని పాంగ్ అన్న చెప్పాడు. రెండు సున్నాలు వచ్చిందే చదువు, గురువుగారి కోరిక కూడా అదే అన్నాడు. ఉండబట్టలేక అడిగేశాను, లాన్ మీద చాడీ చెప్పిందెవరు అని. నా వైపు జాలిగా చూశాడు.

"ఇక్కడ ఎవరూ ఎవరి మీదా చెప్పరు చెల్లీ. ఎవరి తప్పు వాళ్ళు రాసుకుంటారు, అంతే."

గదికి వచ్చి మార్చి తొమ్మిది పేజీ తీశాను. వాక్యం కాదు, ఈసారి పేజీ మొత్తం చదివాను. నా చేతిరాతే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు: జువో లాన్‌తో దుప్పట్లు ఉతికాను. మిగతా రోజంతా మౌనం పాటించాను, ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదు.

కింద, పెద్దవారి మీద నింద విని నవ్వాను.

మౌనం సంగతి గొప్ప కోసం రాశాను. ఆ రోజు నాకు ఒక్క మనిషే ఆ మాట చెప్పగలదని నేనే గంటలతో సహా లెక్క కట్టి ఇచ్చాను. ఆయన చేసిందల్లా రెండు సున్నాలు చుట్టడం.

ఏప్రిల్ 8, శుక్రవారం

పేజీ ఫోటో తీసి లాన్‌కి పంపాను. కింద ఏం రాయాలో తోచలేదు. మధ్యాహ్నానికి జవాబు. తిట్లుంటాయనుకున్నాను.

"దుప్పటి బరువంతా నేనే పట్టాను, నీ చెయ్యి బెణికిందని. అది రాయలేదేం?"

ఆ పుస్తకంలో తప్పులకే చోటు అని రాయబోయి మానేశాను.

 లిన్‌యీలో దాని ఉద్యోగంలోకి వేరే ఎవరినో తీసుకున్నారట.

ఏప్రిల్ 9, శనివారం

ఎండుమాంసం వచ్చింది. పది బద్దలు, ఎర్ర దారం. అమ్మ ముడి. గదంతా మిరియాల వాసన.

రేపు మోకాళ్ళ మీద కూర్చుని టీ అందించాలి, ఈ కట్ట ఇవ్వాలి, ఆ వాక్యం అందరూ వినేలా చదవాలి. అద్దం ముందు చదివి చూశాను. గొంతు బాగానే పలికింది. అందుకే భయం వేసింది.

కొండ కింద నుంచి జినాన్‌కు తొలి బస్సు ఆరున్నరకు.

ఏప్రిల్ 10, ఆదివారం, ఉదయం 9.20

వృద్ధాశ్రమంలో లాన్ వాళ్ళ పిన్ని తలుపు తీసింది. ఎందుకొచ్చావని అడగలేదు. కిటికీ పక్క మంచం మీద గురువుగారి అమ్మ. ఆవిడకు పళ్ళు లేవు. ఒక బద్దను సన్నగా చీల్చి గంజిలో నానబెట్టి పెట్టాను. చాలాసేపు చప్పరించి, మావాడు పంపాడా అంది.

అవునన్నాను.

మిగతా తొమ్మిదీ దిండు కింద దాచుకుంది.