నాన్న అంత్యక్రియల డిస్కు

కోట్టయం

తమ్ముడు కురియచ్చన్‌కి,

ఇంట్లోని పెళ్లిళ్ల, చావుల డీవీడీలన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించావు. "రెండు కాపీలు తీసి వేరేవేరే చోట్ల పెట్టుకో అక్కా" అని కూడా చెప్పావు. నాన్న అంత్యక్రియలది మాత్రం "గీతలు పడ్డాయి, చదవట్లేదు, పారేశా" అన్నావు.

నాకెందుకో నమ్మకం కుదరలేదు. చెత్తబుట్టలోంచి తీసి స్టూడియోలో పెట్టించాను. శుభ్రంగా ఆడింది.

శవపెట్టె మూసేముందు అందరం వరుసగా నాన్నకు చివరి ముద్దు పెట్టాం కదా. డిస్కులో చూస్తే, నువ్వు వంగేదాకా ఆయన వేలికి ఉంగరం ఉంది. ఆయన చేతిని నీ రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దుపెట్టి లేచావు. ఆ తర్వాత లేదు.

ఆ ఉంగరం కాజేశాడనే, పెట్టె మూసిన చర్చి పనివాడు ఔసేప్‌ని పనిలోంచి తీయించాం. అందరికంటే గట్టిగా అరిచింది నువ్వే.

ఆదివారం ఔసేప్‌ని భోజనానికి పిలిచాను. నువ్వూ రా, ఉంగరం తీసుకుని. ఈ డిస్కుకి కూడా రెండు కాపీలు తీయించి, నువ్వు చెప్పినట్టే వేరేవేరే చోట్ల పెట్టాను.

అక్క