ఏడో అధ్యాయం రాలేదు

కార్ల్స్‌రూహె, మార్చి 4

ప్రియమైన ఎలియాస్‌కు,

పోయిన వారం నా కంప్యూటర్ డిస్కు పోయింది. ఫ్రైబర్గ్‌లో నీ మెషీన్ నా ఫైళ్లకు రోజూ తీసుకునే బ్యాకప్ నుంచి నా ఆత్మకథ వెనక్కి తెచ్చుకున్నాను. పన్నెండు అధ్యాయాల్లో పదకొండే వచ్చాయి. మూడుసార్లు ప్రయత్నించాను. ఏడోది లేదు.

అది మన ఎష్‌బోర్న్ ఆఫీసు గురించి. క్లయింటు డేటా పోవడం, తప్పు నాదేనన్న రిపోర్టు మీద నువ్వు సంతకం పెట్టడం, నా ఉద్యోగం ఊడటం. నువ్వు చదవకూడదని ఆ ఫైలుకు నా ఒక్కడి అనుమతే పెట్టాను. అయినా తెరిచి చెరిపేశావు. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషివి, చేతులెలా వచ్చాయిరా?

ఒకప్పటి నీ స్నేహితుడు,
దేవరాజు

ఫ్రైబర్గ్, మార్చి 9

ప్రియమైన దేవరాజూ,

సర్వర్ల మధ్య ముప్పయ్యేళ్లు బతికావు, ఇది తట్టలేదా? నా మెషీన్ నెట్‌వర్క్ మీదుగా నీ ఫోల్డర్ తెరిచి కాపీ చేసుకుంటుంది. నీ మెషీన్‌కు అది పరాయిదే. నీ ఒక్కడికే అనుమతి ఉన్న ఫైలును దానికివ్వదు. జనవరి నుంచీ, కాపీ వివరాలు నమోదయ్యే లాగ్‌లో రోజూ "అనుమతి లేదు" అని ఒక లైను పడుతోంది. నేను చివర్లో "పూర్తయింది" అన్న మాటే చూసి ఊరుకున్నాను. ఆ అధ్యాయం నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

పోయింది గనుక, అందులో ఉండాల్సింది నేనే చెబుతాను. ఎష్‌బోర్న్‌లో ఆ వారం బ్యాకప్ సరిచూసే వంతు నాది. చూడలేదు. ఎవరూ అడగకముందే తప్పు నీ మీదకు తోసి రిపోర్టు టైప్ చేశాను. జర్మనీ వీసా పోతుందని భయం. మా పాప సహానాకు అప్పుడు ఎనిమిది నెలలు. ఇది సాకు కాదు.

ఎలియాస్

ఫ్రైబర్గ్, మార్చి 28

ప్రియమైన దేవరాజూ,

ఉత్తరం అందిందా? "అన్నయ్య ఫోనూ ఎత్తడం లేదు, ఏం రాశారండీ?" అని ఇంట్లో జయశీల అడుగుతోంది. నాలుగు తిట్లు రాసినా చాలు.

నీ ఎలియాస్

కార్ల్స్‌రూహె, ఏప్రిల్ 11

ప్రియమైన ఎలియాసూ,

ఆ పుస్తకంలో అందరినీ కడిగేశాను. మేనేజరును, పాస్టరును, సొంత తమ్ముణ్ని. నీ దగ్గరికొచ్చేసరికి చేత కాలేదు. పైవాళ్లు నీ మెడలు వంచి సంతకం పెట్టించారని, నీ స్థానంలో ఉంటే నేనూ పెట్టేవాణ్నని రాశాను. క్షమించానని రాశాను. అది నీ కంటపడితే సిగ్గని దాచాను.

ఇప్పుడు ఆ అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను. మొదటి పేరాలోనే నిన్ను పిరికివాడన్నాను. రెండో పేరా పది రోజులుగా రావడం లేదు.

శనివారం ఇద్దరూ రండి. రాసినంతవరకు చదువుతాను, ఎదురుగా కూర్చుని విను. అబద్ధం రాస్తే అక్కడే ఆపు. ముందు చేపల పులుసు, తర్వాతే తిట్లు. స్టేషన్‌కు నేను వస్తాను.

నీ
దేవరాజు