కోసిన కాలితాడు

మదురై

నాయనకు, కోపం ఇంకా తగ్గని నీ పెద్ద కూతురు రాస్తున్నది,

నీ మణికట్టు విరగ్గొట్టింది నేనే. ఆస్పత్రిలో మెట్ల మీద జారానని చెప్పావట, సుందరవల్లి అత్త చెప్పింది. నా పరువు కాపాడావో, నీ పరువు కాపాడుకున్నావో తెలియదు. తెడ్డుతో కావాలనే కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విని ఒక్క క్షణం సంతోషించాను కూడా. ఆ సంతోషానికే భయపడి అత్త ఇంటికి పారిపోయి వచ్చాను.

నువ్వు రేక్లా బండి పందేల్లో ఎడ్లను తోలినవాడివి. చెరువులో బోర్డు మీద నిలబడి తెడ్డు వేసే పందెంలో నేను రెండో స్థానంలో వచ్చిన రోజే చూరులోంచి ముల్లుకర్ర దించావు. పడవలో నా పక్కనే వస్తూ, వేగం తగ్గితే భుజం మీద పొడిచేవాడివి. "విడాదే పాప్పా, వదలొద్దు! మన ఎద్దుకు లేని నొప్పి నీకేంది?" అనేవాడివి. ఎద్దుకు నొప్పి లేదని నీకెవరు చెప్పారు నాయనా?

నీకు తెలియనిది ఒకటుంది. నా కుడి భుజం లోపల చిరిగింది. ఆరు వారాలు తెడ్డు పట్టొద్దని ఫిజియో తేన్మొళి చెప్పింది. పదకొండో రోజే పట్టాను. నేను ఆగితే ఆ కర్ర చెల్లి చారులత మీదికి తిరుగుతుందని దాచాను.

తిరగనే తిరిగింది. ఆ ఆదివారం దాని కాలిని బోర్డుకు కట్టే తాడును కత్తితో కోసేశావు. "పందెం ఎద్దును కట్టేసి ఎవడన్నా తోల్తాడా? తాడుంటే పౌరుషం చస్తుంది" అన్నావు. బరువని లైఫ్ జాకెట్టు కూడా విప్పించావు. పందెం రోజు మన ఇంట్లో ఎడ్ల పలుపులు కోస్తారు, నిజమే. కానీ ఎద్దు పడితే నేల మీద పడుతుంది. చారు నీళ్లలో పడింది. బోర్డును గాలి తోసుకుపోయింది. పిల్ల రెండుసార్లు మునిగింది. చిరిగిన భుజంతోనే వెళ్లి, జుట్టు పట్టి గట్టుకు ఈడ్చుకొచ్చాను. అది నీళ్లు కక్కుతుంటే నువ్వు "బోర్డును ఎందుకు విడిచినావే?" అని కర్ర ఎత్తావు. అప్పుడు కొట్టాను.

క్షమించమని అడగను. తాడు లేకుండా దాన్ని మళ్లీ దింపితే పోలీసుల దగ్గరికి నేనే వెళ్తాను.

గోపిక


కోయంబత్తూరు

పాప్పా గోపికా,

చెయ్యి కట్టులో ఉంది. నేను చెప్తా ఉంటే చారు రాస్తా ఉంది. మొన్న అన్నం కలుపుకుందామని వేళ్లు కదిపినా. కళ్లు తిరిగినాయి. పదకొండో రోజే తెడ్డు పట్టినావంట. ఆ పొద్దు నిన్ను ఎన్నిసార్లు పొడిచినానో గుర్తు తెచ్చుకోబోయినా. గుర్తే లేదు. అదే నన్ను తింటా ఉంది.

ముల్లుకర్రను చారు పొయ్యిలో పెట్టింది. వద్దనలా. మెట్ల మీద జారలేదని డాక్టరుకు చెప్పేసినా. నువ్వు కొట్టింది సరే. భుజం మానినాక రా.

నాయన, పెరుమాళ్సామి

అక్కా, ఇది నేను రాస్తున్నది. నాయనకు చదివి వినిపించను. నిన్న కొత్త తాడు తెచ్చాడు. గట్టున కూర్చుని ఎడమచేత్తో నా చీలమండకు ఆ తాడు పట్టీ చుట్టాడు. చాలాసేపు పట్టింది. వదులుగా ఉంది. ఆయన అటు తిరిగాక నేనే మళ్లీ బిగించుకున్నాను.

చారు