మళ్ళీ చెప్పేదాకా

25 ఏప్రిల్ 1999, ఆదివారం

కాలనీ మీటింగ్. నాలుగింటికని నోటీసు అంటిస్తే ఐదున్నరకు వచ్చారు మహానుభావులు. వచ్చాక ఎండల గురించి ఒక రౌండు, మున్సిపాలిటీ నీళ్ళ గురించి ఇంకో రౌండు. నాకు ఒళ్ళు మండిపోయింది. సెక్రటరీ అంటే కుర్చీలు వేయించి టీలు చెప్పే మనిషని వీళ్ళ లెక్క.

అసలు సంగతి దొంగతనాలు. ఎండాకాలం సెలవులిస్తే చాలు, సగం కాలనీ తాళాలేసుకుని సొంతూళ్ళకు పోతుంది. మొన్న పక్కింటి వరలక్ష్మమ్మ పుత్తూరు పోయొచ్చేసరికి గ్యాస్ సిలిండర్ కూడా మిగల్లేదు. మా ప్రెసిడెంటు పరంధామయ్య గారు రిటైరైన హెడ్ క్లర్కు. ఊరికి పోయేవాళ్ళు ముందుగా సంఘానికి రాసిచ్చి పోవాలని రూలు పెడదాం తల్లీ అన్నాడు. ఎవరూ వినలేదు.

అప్పుడు నేను నోరు జారాను. పాత తిరుపతి ఊళ్ళో గంగమ్మ జాతరకు చాటింపు వేస్తారు కదా. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరివాళ్ళు బయట రాత్రి నిద్ర చేయరు, బయటివాళ్ళను ఊళ్ళో నిద్ర చేయనివ్వరు. ఆ వారం ఏ ఇంటికీ తాళం పడదు. మన కాలనీ పొలిమేర అవతల పుట్టింది గనక మనకా చాటింపు లేదు, మనమే ఒకటి వేసుకుంటే పోలా అన్నాను.

తమాషాకే అన్నాను. టకటకా చేతులెత్తారు. తీర్మానం పాసైపోయింది.

28 ఏప్రిల్

అత్త చంద్రకాంతమ్మ మూతి ముడుచుకుని తిరుగుతోంది. పుట్టింది, పెరిగింది పాత ఊళ్ళోనే. మధ్యాహ్నం చారు పోస్తూ నోరు విప్పింది. అదేమన్నా ఆటనుకుంటివా మే, అమ్మ కడతాది, అమ్మే ఇప్పుతాది, మద్దెలో మీ సంగం ఎవురు కట్టేదానికి అంది. దొంగల కోసం అత్తా అన్నాను. దొంగలొస్తే కుక్కని పెంచుకోండి అంది. నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు.

సాయంత్రం గూడూరుకు ఫోన్ చేసి మా ఆయన చక్రధర్‌తో చెప్పాను. అక్కడ నిమ్మకాయల మండీలో పని. శనివారం రాత్రికి వస్తాడు, సోమవారం పొద్దున్నే పోతాడు. పెళ్ళయినప్పటి నుంచీ మా సంసారం ఇంతే. బాగుండాది మే నీ సెక్రటరీ ఉద్యోగం, ఇంగ కాలనీకి నువ్వే కలెక్టరు అని పకపకా నవ్వాడు. చనువుగా మే అని పిలవకుండా ఈ తల్లీకొడుకులకు నాతో మాట రాదు.

4 మే, మంగళవారం

ఊళ్ళో చాటింపు ఈ రాత్రే. మాది సాయంత్రమే అయిపోయింది.

చాటే మాటలు నేనే రాశాను. గంగమ్మ ఆనతిగా అని మొదలుపెడితే పరంధామయ్య గారు కొట్టేయించాడు. గుడివాళ్ళు తప్పు పడతారు, అమ్మ పేరు మనం వాడుకోకూడదు, మన హద్దులో మనం ఉండాల అన్నాడు. నిజమే అనిపించింది. అందుకని, సంఘం సెక్రటరీ రూపశ్రీ మాటగా చెప్పడమేమనగా అని మార్చాను. ఎప్పటిదాకా అని మిగతావాళ్ళు అడిగారు. సర్క్యులర్లలో తదుపరి ఉత్తర్వుల వరకు అని ఉంటుంది చూడండి, అలా పెట్టమన్నాడు పరంధామయ్య గారు. అది మైకులో చదివితే ఎవరికర్థమవుతుంది? మళ్ళీ చెప్పేదాకా అని రాశాను.

పెళ్ళిళ్ళకు పలక డప్పు కొట్టే మునిరామయ్య ముందు నడిచాడు. నేను రిక్షాలో మైకు పట్టుకుని వెనక. వాటర్ ట్యాంకు, రైసు మిల్లు గోడ, పార్కు స్థలం, చివరికి కాలనీ ఆర్చి. కాలనీవాళ్ళు పొద్దుగూకినాక పొలిమేర దాటకూడదు, బయటివాళ్ళు ఇక్కడ నిద్ర చేయకూడదు. మొదట నవ్వు ఆపుకుంటూ చదివాను. మిల్లు గోడ దగ్గరికొచ్చేసరికి నవ్వు రావడం ఆగింది. మైకులో గొంతు నాదిలా లేదు. అందరూ ఇళ్ళలోంచి బయటికొచ్చి నిలబడ్డారు, పిల్లలతో సహా.

ఆర్చి దగ్గర వరలక్ష్మమ్మ బిందె తెచ్చి నా కాళ్ళమీద నీళ్ళు కుమ్మరించింది. ఊళ్ళో అమ్మ చాటింపు వచ్చినప్పుడు పోసే అలవాటుకొద్దీ పోసుంటుంది. చీర తడిసిపోయింది.

9 మే, ఆదివారం

చక్రధర్ నిన్న వచ్చాడు, చాటింపు పడ్డాక మొదటిసారి. మామూలుగానే తిన్నాడు, మామూలుగానే నన్ను ఏడిపించాడు. పడుకున్నాక మాత్రం ఒకటే దొర్లాడు. పొద్దున లేచి చూస్తే పక్కన లేడు. ఆర్చి బయట, టీ బంకు బల్లమీద గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఇంట్లో ఉక్కగా ఉండాది మే, ఆడ గాలి బాగుంది అన్నాడు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది కదా అన్నాను. అవును గదా అన్నాడు, తనకే ఆశ్చర్యంగా.

10 మే

రెండో రాత్రి కూడా బల్లమీదే. అట్నుంచటే గూడూరు బస్సెక్కాడు.

12 మే, బుధవారం

ఊళ్ళో జాతర అయిపోయింది. అత్త చీకటితోనే గుడికి పోయి చెంప మన్ను తెచ్చింది. జాతర చివర్లో గుడిముందు మట్టితో అమ్మవారి పెద్ద ముఖం చేస్తారు. తెల్లవారేలోగా ఆ చెంప తీసేస్తారు. ఆ మన్ను కోసం జనం కొట్టుకుంటారు. చెంప తీస్తేనే అమ్మ శాంతించినట్టు, ఊరికి కట్టు విడిచినట్టు.

ఊరికి ఇడిసింది, మనకో అంది అత్త. నేను దోసెలు తిరగేస్తున్నాను.

15 మే, శనివారం

ఆయన వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావచ్చాండీ అన్నాడు.

ఎప్పటిలా ఆట పట్టిస్తున్నాడనుకుని, కాళ్ళు కడుక్కుని రండి దొరా అన్నాను. కడుక్కుని వచ్చి కుర్చీ అంచుమీద కూర్చున్నాడు. కూర వడ్డిస్తుంటే, చాలండీ, మీకుంచుకోండి అన్నాడు. మీరు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను మీరనలేదు ఈ మనిషి. తిని, చేయి కడుక్కుని, పొద్దుపోతా ఉండాది, వస్తానండీ అని సంచి భుజానికి తగిలించుకున్నాడు. చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. పరాయి ఆడది పట్టుకుంటే మర్యాదస్తుడు ఎలా బిగుసుకుంటాడో అలా నిలబడ్డాడు.

వదిలేశాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

18 మే

ఒక్క దొంగతనం లేదు. ఒక్క తాళం లేదు. సెలవులకు ఎవరూ ఊరికి పోలేదు.

పరంధామయ్య గారు కూతురి ఇంటికి మద్రాసు బయల్దేరి, రాత్రికల్లా వెనక్కొచ్చేశాడు. మనవరాలి పుట్టినరోజు. కేకు కోసేదాకా కూడా ఉండలేదంట. ఎందుకొచ్చేశారని అడిగాను. ఏమో తల్లీ, కాలు నిలవలేదు అన్నాడు. వరలక్ష్మమ్మ పుత్తూరు పెళ్ళికి పోవాలని పట్టుచీర కట్టుకుని నా దగ్గరకొచ్చింది. పోయొచ్చేదా అని అడిగింది. నన్నడగడమేమిటి, శుభ్రంగా పోయిరండి అన్నాను. తలూపింది. ఇంటికిపోయి చీర మార్చుకుంది.

సాయంత్రం మా గేటు ముందు ఎవరో ముంతతో అంబలి పెట్టిపోయారు. పైన వేపాకు. నిన్న కూడా ఉందంట. అత్త నాకు చెప్పకుండా తీసి పారబోసింది.

23 మే, ఆదివారం

అర్జెంటు మీటింగ్ పెట్టి చాటింపు రద్దు చేశాం. మళ్ళీ రిక్షా, మళ్ళీ మైకు. చాటింపు అయిపోయింది, ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చు, ఎవరైనా రావచ్చు అని గొంతు పోయేలా అరిచాను. మళ్ళీ చెప్పేదాకా అన్నాం, చెప్పేశాం, పీడా పోయిందనుకున్నాను.

ఈసారి ముగ్గురు బిందెలు తెచ్చారు. వద్దు వద్దంటున్నా కాళ్ళు కడిగారు. నోటితో పోయేదైతే అమ్మకు మొగమెందుకు చేస్తారే అంది అత్త.

26 మే

పోయిన శనివారం ఆయన రానేలేదు. నేనే గూడూరు పోయి ఆయన గదిలో రెండు రోజులుండి వద్దామనుకున్నాను. నిన్న బయల్దేరాను. ఏర్పేడులో బస్సు టైరు పంక్చరు. ఎదురుగా తిరుపతి బస్సు వచ్చి ఆగింది. పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయానేమోనని అనుమానమొచ్చి ఎక్కేశాను. ఇంటికొస్తే స్టవ్ కట్టేసే ఉంది. ఈరోజు మళ్ళీ పోయాను. కాళహస్తి దాకా పోయాక తలనొప్పి. దిగి మాత్ర వేసుకున్నాను. మాత్ర వేసుకున్నాక తిరుపతి బస్సులో కూర్చుని ఉన్నాను.

కారణాలన్నీ నిజమైనవే. అదే నాకు భయంగా ఉంది.

29 మే, శనివారం

ఆర్చి దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని టీ బంకువాడు కబురు చెప్పాడు. పరిగెత్తాను. చక్రధర్. రెండు చేతులతో సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. ఏమండీ, చంద్రకాంతమ్మ గారిల్లు ఈ కాలనీలోనేనాండీ, ఆమె నాకు బాగా తెలిసినామె అన్నాడు.

కన్నతల్లి. తెలిసినామె అంట.

అత్త నా వెనకే వచ్చింది. ఆ మాట వింది. నాయనా అని అక్కడే మట్టిలో కూలబడింది. ఆయన కంగారుగా వంగి ఆమెను లేపి, నీళ్ళిప్పించండి పాపం అని నాతో చెప్పి, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను ఆర్చి దాటి నాలుగడుగులు కూడా వేయలేకపోయాను. చెప్పు తెగింది.

1 జూన్, మంగళవారం

అత్త నన్ను గుడికి తీసుకుపోయింది. జాతర పనులు చూసే ఒక ముసలాయన అరుగుమీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు. జరిగిందంతా చెప్పాం. అమ్మ పేరు ఎత్తలేదు స్వామీ, ఆ జాగ్రత్తలోనే ఉన్నాం అన్నాను. మంచిది, మరి ఎవురి మాటగా చాటినారు అని అడిగాడు. నా మాటగా అన్నాను.

నమలడం ఆపాడు. అరుగు దిగి నిలబడ్డాడు. తలెత్తి నా ముఖం కూడా చూడలేదు. మేము బయటికి వచ్చేదాకా చేతులు కట్టుకునే ఉన్నాడు.

ఆయనెందుకలా నిలబడ్డాడని దారిలో అత్తను అడిగాను. ఇంటికి పోదాం రా అంది. రా మే అనలేదు.

6 జూన్, ఆదివారం

మీటింగ్. నాలుగింటికని చెప్తే మూడున్నరకే అందరూ వచ్చారు. ఎవరూ కుర్చీల్లో కూర్చోలేదు. పరంధామయ్య గారు రూలు చెప్పలేదు. అత్త చెప్పింది, అందరూ విన్నారు. ఎవురి మాటతో కట్టినారో ఆ మొగానికే మన్ను పెట్టల్ల, ఆ చెంపే తీయల్ల. మంగళవారం రాత్రి పెట్టి, బుధవారం తెల్లారేలోగా తీయల్ల.

ఇదంతా పిచ్చి అని అరిచాను. ఎవరైనా ఎదురు చెప్తే బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఇంటికొచ్చాక అత్త నా కాళ్ళ దగ్గర కూర్చుంది. లేవమంటే లేవదు. నా బిడ్డ నన్నే మరిసిపోయినాడు, నీకేమయితాదో నాకు తెలీదు, నువ్వు వద్దంటే వద్దు అని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. భయంగా ఉంది. ఎవరితో చెప్పుకోను, అందరూ తలలు వంచుకునే మాట్లాడుతున్నారు. కానీ నాకు మా ఆయన కావాలి. మా మంచంమీద అడ్డంగా పడుకుని గురకపెట్టాలి. మే, కాఫీ పెట్టు అని వంటింట్లోకి కేకేయాలి. అంతకన్నా నేనేమడిగాను?

సరే అన్నాను. ఆయనకు రమ్మని కబురు పెట్టారు.

8 జూన్, మంగళవారం

నన్ను ఆర్చి దగ్గర కూర్చోబెట్టి మన్ను తడిపారు. పసుపు కలిపారు. చల్లగా ఉంటుందని అత్త చెప్తోంది.

9 జూన్, బుధవారం, పొద్దున

ఎడమ చెంప అత్తే తీసింది. నొప్పి లేదు. ఆర్చి అవతల నిలబడి ఉన్న చక్రధర్ సంచి కింద పడేసి, నాయమ్మా అంటూ వచ్చి అత్తను కావలించుకున్నాడు. ఆ మన్ను కోసం కాలనీ అంతా లైను కట్టింది. ఆయన కూడా లైన్లో నిలబడ్డాడు. నా వంతు కోసం, ఒక్క మే కోసం చూస్తూ కూర్చున్నాను. దగ్గరికొచ్చి, చెయ్యి చాచి, అమ్మా, నాకూ రవ్వంత అన్నాడు. పెట్టాను. కళ్ళకద్దుకుని, ఇంట్లోకి పోయి నిద్రపోయాడు.