మినపరొట్టె అడుగున నీ గీతలు

లూయిజ్ తాతమ్మా,

ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి యానాం వచ్చి, తెలుగింటి కోడలివైన నీ గురించి రెండేళ్లుగా వెతుకుతున్నాను. రికార్డుల్లో నీ పేరు తప్ప ఏమీ దొరకలేదు.

ఇవాళ నేనుండే ఈ పరాయి దేశంలో, తంజోంగ్ పగార్‌లో, మా ఆఫీసు ఫ్రెంచావిడ భోజనానికి పిలిచింది. బ్రెడ్డు కోసే ముందు తిరగేసి, అడుగున కత్తితో శిలువ గీసింది; ఫ్రాన్స్‌లో అది పాత ఆచారమట. నీ కూతురు, మా అమ్మమ్మ, మినపరొట్టె అడుగున అచ్చం అలాగే రెండు గీతలు గీసేది. ఎందుకని అడిగితే "మా అమ్మ గీసేది, నేనూ గీస్తున్నా" అని కసిరేది.

సాయంత్రం ఫ్లాట్‌కొచ్చి రొట్టె కాల్చి, గీతలు గీశాను. "అమ్మా, వై లైక్ దట్?" అంది నా కూతురు.

"మన లూయిజ్ తాతమ్మ గీసేది" అన్నాను.

మన వంటింట్లో నీ పేరు వినపడడం ఇదే మొదటిసారి.